మనసు మారిందనుకునే ముందు

(వయసు మీదపడుతున్న ఆడవాళ్ళ స్నేహాల గురించి ఒక సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? వినిపించకపోతే మొహమాటపడకుండా చెయ్యెత్తండి. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. చెవి కాస్త మందగించినవాళ్ళు వచ్చి ఇక్కడ కూర్చోండి. రండమ్మా, రండి, తొందరేమీ లేదు. ఇవాళ నేను చెప్పబోయేదాంట్లో చాలా భాగం ఈ కుర్చీల సంగతే.

ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. 40 ఏళ్ళుగా కష్టసుఖాలు చెప్పుకున్న స్నేహితురాలు రావడం తగ్గించింది. ఫోను చేస్తే రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తోంది. "ఈసారి కుదరదే, వచ్చేసారి చూద్దాంలే" అంటోంది. అప్పుడు మనకేమనిపిస్తుంది? మనసు మారిందనిపిస్తుంది. నేనేమన్నానని ఇలా చేస్తోంది అనిపిస్తుంది. పిలిచినా రానిదాన్ని ఎన్నిసార్లు పిలవాలి అనిపిస్తుంది. అనిపించి, మనమూ పిలవడం మానేస్తాం. అవునా, కాదా?

ఈ వయసులో ఆడవాళ్ళ స్నేహాలు పోట్లాడుకుని తెగిపోవడం చాలా తక్కువ. పలకరింపు ఆగిపోతుంది, అంతే. ఆగిపోవడానికి ఆవిడ చెప్పే కారణం ఒకటి, అసలు కారణం ఇంకొకటి. ఆ అసలు కారణం పదింట ఎనిమిదిసార్లు మనసులో ఉండదు. చెవిలో ఉంటుంది, మోకాల్లో ఉంటుంది, మూత్రాశయంలో ఉంటుంది, ఇంట్లో మంచంమీదున్న మనిషి దగ్గర ఉంటుంది. పదింట ఎనిమిది అన్నది లెక్కకట్టి చెప్పింది కాదు, మాటవరసకి అన్నాను. కానీ మనసు మారిందనుకునే ముందు ఇవన్నీ చూడండి. నేనివాళ అడిగేది అంతే.

దీనికింత పట్టింపు ఎందుకంటారా? 2010లో అమెరికాలో జూలియాన్ హోల్ట్‌లన్‌స్టాడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు కలిసి 148 అధ్యయనాలు ఒక్కచోటికి చేర్చి చూశారు. అందులో ఉన్నవాళ్ళు 3 లక్షలమందికి పైనే. నలుగురితో గట్టి బంధాలున్నవాళ్ళు అధ్యయనం ముగిసేనాటికి బతికుండే అవకాశం, అవి లేనివాళ్ళకన్నా 50 శాతం ఎక్కువని తేలింది. అంటే స్నేహం అన్నది తీరికవేళ సరదాగా చూసుకునే వ్యవహారమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. బీపీ మాత్ర ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం.

ఇంకొకటి. కొత్త స్నేహాలు చేసుకోవచ్చు కదా అంటారు. చేసుకోవాలి, వద్దనడం లేదు. కానీ దానికెంత సమయం పడుతుందో తెలుసా? కాన్సాస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ అనే ఆచార్యుడు 2018లో లెక్కవేసి చెప్పాడు. ముఖపరిచయం మామూలు స్నేహం కావడానికి సుమారు 50 గంటలు కలిసి గడపాలి. దగ్గరి స్నేహం కావాలంటే 200 గంటలు దాటాలి. వారానికి 2 గంటలు కలుస్తారనుకోండి, 200 గంటలకి రెండేళ్ళు. మరి 40 ఏళ్ళ స్నేహంలో ఎన్ని వేల గంటలుంటాయి? దాన్ని వచ్చేసారి చూద్దాంలే అన్న ఒక్క మాటకి వదిలేసుకుంటామా?

ఇక్కడ ఒక భయం తీసేస్తాను. వయసుతోపాటు మన చుట్టూ ఉన్న గుంపు పలచబడుతుంది. అది జబ్బు కాదు. ముందున్న కాలం తక్కువని తెలిసినకొద్దీ మనిషి పైపై పరిచయాలు వదిలి, మనసుకి దగ్గరైన నలుగురిని పట్టుకుంటుందని అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో లారా కార్‌స్టెన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి పరిశోధించి చెప్పింది. కాబట్టి 50 మంది 5గురయ్యారని దిగులుపడక్కర్లేదు. ఆ 5గురూ చెయ్యిజారకుండా చూసుకోవడమే పని.

సరే, చెవితో మొదలుపెడదాం.

వయసుతో వచ్చే చెవుడు ఎలా వస్తుందో చాలామందికి తెలియదు. శబ్దం మొత్తం ఒకేసారి తగ్గదు. ముందు సన్నటి శబ్దాలు పోతాయి. స, శ, చ, ఫ లాంటి హల్లులు పోతాయి. అచ్చులు గట్టిగానే ఉంటాయి. అందుకే ఆవిడకి మనం మాట్లాడుతున్నట్టు తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నామో తెలియదు. "నాకు బాగానే వినిపిస్తోంది, మీరే గొణుగుతున్నారు" అంటుంది. ఆవిడ అబద్ధమాడడం లేదు. ఆవిడకి నిజంగా గొణుగుడే వినిపిస్తోంది.

ఎలా గుర్తుపట్టాలి? నలుగురూ నవ్వాక ఒక క్షణం ఆగి నవ్వుతుంది. "ఎప్పుడొచ్చావ్?" అంటే "ఆఁ, ఆఁ" అంటుంది. టీవీ శబ్దం పెంచుతుంది. గుంపులో ఉన్నప్పుడు తనే ఆపకుండా మాట్లాడుతుంది. ఎందుకంటే తను మాట్లాడుతున్నంతసేపూ వినాల్సిన పని లేదు! దాన్ని మనం గర్వం అనుకుంటాం. కొన్నాళ్ళకి మాట్లాడడమూ మానేసి మూల కూర్చుంటుంది. ఆ తర్వాత రావడం మానేస్తుంది.

ఏం చెయ్యాలి? అరవకండి. అరిస్తే అచ్చులు ఇంకా గట్టిపడతాయి, హల్లులు అలాగే ఉండిపోతాయి, పైగా మన ముఖం కోపంగా కనిపిస్తుంది. ఎదురుగా, ఒక మీటరు దూరంలో కూర్చోండి. వెలుతురు మీ ముఖం మీద పడాలి. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే మీ ముఖం చీకటైపోతుంది, పెదవులు కనిపించవు. ఫ్యాను కింద వద్దు, టీవీ ఆపెయ్యండి. ఆవిడ వీపు గోడవైపు ఉంటే వెనకనుంచి వచ్చే చప్పుడు తగ్గుతుంది. ఒక చెవి బాగా పనిచేస్తుంటే అటువైపు కూర్చోండి. అర్థం కాలేదంటే అదే మాట మూడుసార్లు అనకండి, ఇంకో మాటతో చెప్పండి. "శనివారం" అందకపోతే "ఎల్లుండి" అనండి. అన్నిటికన్నా ముఖ్యం, "ఏం లేదులే, వదిలెయ్" అనకండి. ఆ మాట అన్నారంటే ఆవిణ్ణి గదిలోంచి బయటికి పంపేసినట్టే.

వినికిడి యంత్రం సంగతి. చాలా ఇళ్ళలో అది సొరుగులో ఉంటుంది. ఎందుకు? మొదటిరోజు పెట్టుకోగానే గిన్నెల చప్పుడు, కాగితం నలిపిన చప్పుడు చెవులు బద్దలయ్యేలా వినిపిస్తుంది. ఇది నాకు పడదు అని తీసేస్తుంది. మెదడు ఆ శబ్దాలకి మళ్ళీ అలవాటుపడడానికి కొన్ని వారాలు పడుతుందని ఎవరూ గట్టిగా చెప్పరు. మొదట నిశ్శబ్దంగా ఉన్న గదిలో, ఒక్క మనిషితో, రోజుకి కొద్ది గంటలు మాట్లాడుతూ అలవాటు చేసుకోవాలి. ఆ ఒక్క మనిషి ఎవరు కావాలి? మీరే కావాలి. వరసగా 10 రోజులు, పూటకో అరగంట వెళ్ళి కూర్చోండి. అప్పటికీ ఇబ్బందిగానే ఉంటే అమర్చినవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి సరిచేయించండి. ఒకసారి అమర్చగానే అయిపోయే పని కాదది. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్, డిమెన్షియా అంటే మతి తప్పే జబ్బు వచ్చే ముప్పుని పెంచే, మనం తగ్గించుకోగలిగిన 14 కారణాలు చెప్పింది. వాటిలో వినికిడి తగ్గడం ఒకటి, మనుషులకి దూరమవడం ఒకటి. ఇక్కడ మొదటిది రెండోదానికి దారితీస్తోంది. చూశారా?

ఇప్పుడు ఎవరూ నోరు తెరిచి చెప్పని సంగతి. ఇక్కడంతా ఆడవాళ్ళమే కదా, సూటిగా చెప్తాను. దగ్గినా, తుమ్మినా, నవ్వినా మూత్రం చుక్కలు పడడం. కాన్పులైనవాళ్ళలో, ముట్లుడిగినవాళ్ళలో ఇది ఎంత సాధారణమో మీకు తెలుసు. తెలిసినా ఒకరికొకరం చెప్పుకోం. ఒక్కసారి ఆలోచించండి, మనిషి అందరికన్నా ఎక్కువగా ఎవరి దగ్గర నవ్వుతుంది? పాత స్నేహితురాళ్ళ దగ్గర. అంటే ఆవిడకి అన్నిటికన్నా భయమున్న చోటు మన గుంపే! మనమంటే ఇష్టం లేక రావడం లేదనుకుంటాం. మన దగ్గరికొస్తే పగలబడి నవ్వాల్సొస్తుందని ఆవిడ రావడం లేదు.

ఇంకో పొరపాటు చేస్తుంది. బయల్దేరే ముందు నీళ్ళు తాగడం మానేస్తుంది. దాంతో మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని ఇంకా ఒరుస్తుంది, పైగా కళ్ళు తిరుగుతాయి. కలుసుకునే చోటు ఎంచుకునేటప్పుడు మరుగుదొడ్డి అదే అంతస్తులో ఉందో లేదో ముందే చూడండి. మెట్లెక్కి వెళ్ళాలంటే అది లేనట్టే లెక్క. ఆవిణ్ణి వరస మధ్యలో ఇరికించకుండా చివర కుర్చీలో కూర్చోబెట్టండి. గంటకోసారి మీరే లేచి "నేనెళ్ళొస్తా, వస్తావా?" అనండి. ఆవిడ ఒక్కతే లేవాల్సిన అవసరం ఉండదు.

దీనికి వ్యాయామం ఉంది. మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాలున్నాయే, అవే. పొట్ట బిగించకుండా, ఊపిరి బిగపట్టకుండా వాటిని బిగించి, కొన్ని సెకన్లు పట్టి, వదలాలి. పూటకి కనీసం 8 సార్లు, రోజుకి 3 పూటలు, కనీసం 3 నెలలు. రెండు వారాలు చేసి ఫలితం లేదని మానేస్తారు, అక్కడే తప్పు జరుగుతుంది. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపి సాధన చెయ్యొద్దు, అది మంచిది కాదు. ఇద్దరు స్నేహితురాళ్ళు ఫోనులో మాట్లాడుకుంటూ చేసుకోవచ్చు, పక్కనున్నవాళ్ళకి కూడా తెలియదు! అయినా తగ్గకపోతే, లేదా మూత్రంలో రక్తం కనిపిస్తే డాక్టరుకి చూపించుకోవాలి. ఒక్కర్తీ వెళ్ళడానికి సిగ్గుపడితే తోడు వెళ్ళండి.

మోకాళ్ళ గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిందే. నడిచే దూరం తగ్గించండి, చేతులున్న కుర్చీ వెయ్యండి, రాత్రిపూట కాకుండా పగటిపూట కలవండి. ఒక్క ముచ్చట మాత్రం చెప్పాలి. 2008లో అచ్చయిన ఒక పరిశోధనలో మనుషుల్ని కొండ ముందు నిలబెట్టి, వాలు ఎంతుందో చెప్పమన్నారు. ఒంటరిగా నిలబడ్డవాళ్ళకన్నా పక్కన స్నేహితులున్నవాళ్ళకి ఆ కొండ వాలు తక్కువగా కనిపించింది. స్నేహం ఎంత పాతదైతే అంత తక్కువగా కనిపించింది. కొండ అదే, కళ్ళూ అవే.

ఇంట్లో మంచానపడ్డ మనిషి ఉన్నావిడ సంగతి. భర్త కావచ్చు, తల్లి కావచ్చు. ఆవిడకి రావడం కుదరదు, మనమే వెళ్ళాలి. వెళ్ళి ఏం చెయ్యాలి? "నీకేం కావాలన్నా అడుగు" అని వస్తే సరిపోదు. ఏం కావాలో ఆలోచించే ఓపిక కూడా ఆవిడకి ఉండదు. ఆ మాట ఆవిడ నెత్తిన ఇంకో పని పెడుతుంది. "మంగళవారం పదింటికి వస్తాను, పన్నెండుదాకా ఆయన దగ్గర నేను కూర్చుంటాను, నువ్వెళ్ళి పడుకో" అనండి. రోజు ఉండాలి, గంట ఉండాలి, పని పేరు ఉండాలి.

భర్త పోయినప్పుడూ ఇదే. మొదటి రెండు వారాలు ఇల్లంతా జనం. ఎవరొచ్చారో ఎవరెళ్ళారో ఆవిడకే గుర్తుండదు. రెండు మూడు నెలలకి అందరూ ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోతారు. సరిగ్గా అప్పుడే ఇల్లు మింగేస్తున్నట్టుంటుంది. మీ క్యాలెండరులో ఆరో వారం, పన్నెండో వారం, ఆయన పుట్టినరోజు, వాళ్ళ పెళ్ళిరోజు ఇప్పుడే రాసిపెట్టుకోండి. ఆ రోజుల్లో వెళ్ళండి. వెళ్ళి ఆయన పేరెత్తండి. బాధపడుతుందని ఎవరూ ఎత్తరు. ఆయన పేరు పలికే గొంతు కోసం ఆవిడ ఎదురుచూస్తుంటుంది. సాయంత్రాలు గడవడం కష్టం, కాబట్టి ఫోను పొద్దున కన్నా చీకటిపడే వేళకి చెయ్యడం మేలు. ఇంకా ఒకటి, జంటలుగా కలిసే గుంపుల్లోంచి భర్త పోయినావిడ పేరు ఎవరూ కావాలని కొట్టెయ్యరు, దానంతటదే జారిపోతుంది. అది జారిపోకుండా ఎవరో ఒకరు పట్టుకోవాలి.

డబ్బు. ఒకరికి పింఛను వస్తుంది, ఇంకొకరు పిల్లల చేతికింద ఉంటారు. ఖర్చయ్యే చోటికి వెళ్దామంటే రెండో ఆవిడ "కాళ్ళు నొప్పులే" అంటుంది. ఖర్చు లేకుండా కలిసే పద్ధతి పెట్టుకుంటే ఆ అబద్ధం ఆడాల్సిన పని ఉండదు. అప్పు ఇవ్వాల్సొస్తే, తిరిగి రాకపోయినా మాట తేడా రాదనుకున్నంత మాత్రమే ఇవ్వండి. ఎంతో, ఎప్పటికో కాగితం మీద రాసుకోండి. రాసుకోవడం అపనమ్మకం కాదు, ఈ వయసులో ఇద్దరికీ మతిమరుపే.

ఇక కలుసుకునే ఏర్పాటు. "ఓసారి కలుద్దాం" అన్నది ఎప్పటికీ జరగదు. నెలకో రోజు కట్టెయ్యండి. మొదటి శనివారం పొద్దున పదిన్నర అనుకుంటే అదే. ఎవరొచ్చినా రాకపోయినా రద్దు లేదు, ఇద్దరే వచ్చినా కలిసినట్టే. అందరికీ కుదిరే రోజు కోసం చూశారంటే ఆర్నెల్లు గడిచిపోతాయి. పిలిచే బాధ్యత ఒక్కరి మీదే పడకూడదు, నెలనెలా మారాలి. ప్రతి గుంపులోనూ పిలిచే మనిషి ఒకావిడ ఉంటుంది. ఆవిడ మంచమెక్కిన రోజున గుంపు మొత్తం ఆగిపోతుంది. మీ గుంపులో ఆవిడెవరో మీకు తెలుసు. ఈ నెల ఆ పని మీరు తీసుకోండి.

ఎంతమంది ఉండాలి? మాట నలుగురు దాటగానే రెండు ముక్కలవుతుందని బ్రిటన్‌లో రాబిన్ డన్బార్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు గమనించారు. చెవి మందగించినావిడకి రెండు మాటలు ఒకేసారి నడిస్తే రెండూ అందవు. అందుకని 8 మంది వస్తే రెండు చోట్ల కూర్చోండి.

ఒంటరిగా ఉండేవాళ్ళు జతలు కట్టండి. పొద్దున 8కల్లా ఒకరికొకరు ఒక మెసేజి. పువ్వు బొమ్మైనా సరే, చిన్న ముక్కైనా సరే. 9 దాకా రాకపోతే ఫోను. ఎత్తకపోతే పావుగంటకి మళ్ళీ ఫోను. అప్పటికీ ఎత్తకపోతే, తాళంచెవి ఉన్న పొరుగింటివాళ్ళకి కబురు. అంటే ఒక తాళంచెవి పొరుగింట్లో ఉండాలి, ఆ ఇంటి నంబరు మీ దగ్గర ఉండాలి. ఇవి రెండూ లేకపోతే మిగతా ఏర్పాటంతా దండగ. జారిపడి గంటల తరబడి నేలమీదే ఉండిపోతే, పడ్డ దెబ్బకన్నా అలా ఉండిపోవడంతో జరిగే చేటు ఎక్కువ కావచ్చు. అందుకే ఇంత పట్టుగా చెప్తున్నాను.

కలిసి ఒకేచోట ఉంటే బాగుంటుందని ప్రతి గుంపూ అనుకుంటుంది. లండన్ ఉత్తరాన హై బార్నెట్‌లో న్యూ గ్రౌండ్ అని ఉంది. 50 దాటిన ఆడవాళ్ళు తమ కోసం తామే తలపెట్టి కట్టించుకున్నది. 25 ఫ్లాట్లు, ఎవరి ఇల్లు వారిదే, కలవడానికి ఉమ్మడి గది, తోట. గుంపు మొదలైంది 1998లో. ఇళ్ళలో దిగింది 2016లో. 18 ఏళ్ళు! ఎదురుచూస్తూ చనిపోయినవాళ్ళూ ఉన్నారు. మనసులో ఆ కోరిక ఉంటే 55కే మొదలుపెట్టాలి, 70కి కాదు. అంత పెద్ద పని వద్దనుకుంటే, ఇల్లు మారాల్సొచ్చినప్పుడు స్నేహితురాలి ఇంటికి నడిచి వెళ్ళగలిగే దూరంలో చూసుకోండి. చేతికర్రతో నడిచే దూరం, ఇప్పుడు నడిచే దూరం కాదు.

ఇంకా రెండు సంగతులున్నాయి. రెండూ బరువైనవే.

మతి తప్పుతున్న స్నేహితురాలు. ఆవిణ్ణి చూడ్డానికి వెళ్ళి మొదట అడిగే మాటేమిటి? "నేనెవరో చెప్పుకో?" దయచేసి ఆ మాట అడగకండి. అది పరీక్ష, ఆవిడ తప్పే పరీక్ష. మీ పేరు మీరే చెప్పండి. "నేనే, ఫలానా. బళ్ళో నీ పక్కన కూర్చునేదాన్ని." పొద్దున పది, పదకొండు మధ్య వెళ్ళండి. సాయంత్రమయ్యేకొద్దీ చాలామందికి కంగారు పెరుగుతుంది. అరగంట చాలు. టీవీ ఆపండి. ప్రశ్నలు తగ్గించి, మీరే చెప్పుకుపోండి. తప్పు చెప్తే సరిదిద్దకండి. పాత ఫోటోలు తీసుకెళ్ళండి, ఆల్బం మొత్తం పరిచేయకుండా ఒక్కొక్కటే చేతికివ్వండి.

ఇక్కడ మీకున్నది ఇంకెవరికీ లేదు. పెద్దవయసులో మనిషికి అన్నిటికన్నా ఎక్కువ గుర్తుండేవి సుమారు 10 నుంచి 30 ఏళ్ళ మధ్య జరిగినవి. ఆ ఏళ్ళలో ఆవిడ పక్కన ఎవరున్నారు? పిల్లలు లేరు, అప్పటికి పుట్టలేదు, లేదా పాలబుగ్గల వయసు. ఆవిడ జడ ఎలా వేసుకునేదో, ఏ పంతులమ్మకి భయపడేదో వాళ్ళకి తెలియదు. మీకు తెలుసు. "వెళ్ళినా గుర్తుండదు కదా, ఎందుకు వెళ్ళడం?" అంటారు. 2014లో అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయంలో ఆల్జీమర్స్ అనే మతి తప్పే జబ్బు ఉన్నవాళ్ళకి సినిమా ముక్కలు చూపించారు, కొన్ని ఏడిపించేవి, కొన్ని నవ్వించేవి. కాసేపటికి ఏం చూశారో వాళ్ళకి పెద్దగా గుర్తులేదు. కానీ ఆ దిగులు, ఆ సంతోషం అలాగే ఉన్నాయి. మీరొచ్చిన సంగతి ఆవిడ మర్చిపోతుంది. మీరు వెళ్ళాక కూడా ఆవిడ మనసు కుదుటగా ఉంటుంది. ఎందుకు కుదుటపడిందో ఆవిడకి తెలియదు, మీకు తెలుసు. వెళ్ళండి.

ఆఖరిది. స్నేహితురాలు ఆసుపత్రిలో ఉంటే కబురు ఇంటివాళ్ళకి వెళ్తుంది, స్నేహితులకి వెళ్ళదు. పోయాక పదిరోజులకి తెలుసుకున్నవాళ్ళు ఎంతమంది! ఇది వద్దనుకుంటే ముందే చెయ్యాల్సిన పని చిన్నది. ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో ముగ్గురు స్నేహితురాళ్ళ పేర్లు, నంబర్లు రాయండి. "నాకేమైనా అయితే వీళ్ళకి కూడా చెప్పండి" అని పైన రాయండి. ఒకటి ఫోను కవరు వెనక, ఒకటి మందుల డబ్బాలో పెట్టండి. పిల్లలకి చూపించండి. స్నేహితురాళ్ళ పిల్లల నంబర్లు మీరు తీసుకోండి, ఏడాదికోసారి సరిచూసుకోండి. నంబర్లు మారిపోతుంటాయి.

ఒకవేళ ఆవిడ పోతే, గుంపులో మిగిలినవాళ్ళు ఆ నెల కూడా కలవండి. మానేయాలనిపిస్తుంది, మానేయకండి. వాట్సాప్ గ్రూపులోంచి ఆవిడ నంబరు వెంటనే తీసెయ్యకండి. ముందు ఆవిడ పిల్లల్ని అడగండి, వాళ్ళు తమ అమ్మ ఫోనులో మీ మాటలు చదువుకుంటూ ఉండొచ్చు. మీ దగ్గరున్న పాత ఫోటోలు, గొంతు ఉన్న వాయిస్ మెసేజిలు వాళ్ళకి పంపండి. పంపేటప్పుడు ఫోటో వెనక సంగతి రెండు ముక్కలు రాయండి. ఏ ఏడో, ఎక్కడో, పక్కనున్నదెవరో, అందరూ ఎందుకంత నవ్వుతున్నారో. అది చెప్పగలిగేది మీరొక్కరే.